ఎంటర్ కొట్టే ముందు చదివే మాట
(కమాండ్‌లైన్ ఆప్షన్లకు పేర్లు పెట్టడం గురించి ఇచ్చిన స్మారకోపన్యాసం పాఠం)



మాస్టారి పేరిట ఆయన శిష్యులు నెలకొల్పిన ధర్మనిధి ఉపన్యాసానికి నన్ను పిలవడం నాకు దక్కిన గౌరవం. విషయాన్ని నిర్వాహకులు నా ఇష్టానికే వదిలేశారు. ఈ రోజుల్లో కంప్యూటర్ మనిషిని మాట్లాడమంటే కృత్రిమ మేధ గురించే మాట్లాడతాడని అనుకోవడం సహజం. నేను మాత్రం మాస్టారికి ఇష్టమైన ఒక చిన్న సంగతి తీసుకొచ్చాను: కమాండ్‌లైన్ టూల్స్‌కు మనం ఇచ్చే ఆప్షన్లు, వాటికి పెట్టే పేర్లు.

ఆయన ల్యాబ్‌లో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు స్క్రిప్ట్ రాసినా, రన్ చేసే ముందు పక్క బెంచీవాళ్లు దాన్ని చదివి ఏం జరగబోతుందో చెప్పాలి. వాళ్లు చెప్పలేకపోతే మార్కులు తగ్గేది రాసినవాళ్లకు. అందులో ఉన్న సూత్రాన్నే ఇవాళ విడమరిచి చెప్పాలనుకుంటున్నాను. ఆప్షన్‌ను టైపు చేసేది ఒక్కసారి, చదివేది చాలాసార్లు. టైపు చేసేవాడికి విషయం తెలుసు. చదివేవాడికి తెలియకపోవచ్చు, పైగా అతను చదివేది సర్వర్ పడిపోయిన అర్ధరాత్రి కావచ్చు. కాబట్టి పేరు బాగుందో లేదో తేల్చే అధికారం చదివేవాడిదే.

కంప్యూటర్‌తో పెద్దగా పని లేని బంధుమిత్రులు కూడా సభలో ఉన్నారు. వారి కోసం ఒక్క మాట. కమాండ్‌లైన్ అంటే నల్లటి తెర మీద ఒక వరుస టైపు చేసి ఎంటర్ కొడితే పని జరిగిపోయే పద్ధతి. ముందు టూల్ పేరు, తర్వాత ఆప్షన్లు, చివర ఏ ఫైలు మీద పని జరగాలో ఆ ఫైలు పేరు. పని ఎలా జరగాలో చెప్పేవి ఆప్షన్లు. ఫైళ్లను చెరిపే టూల్ ‘ఆర్ఎం’. దానికి ‘-ఐ’ తగిలిస్తే ప్రతి ఫైలుకూ మిమ్మల్ని అడుగుతుంది. ‘-ఎఫ్’ తగిలిస్తే అడగదు, చెరిపేస్తుంది. చెత్తబుట్టలో వెతుక్కుందామంటే ఇక్కడ చెత్తబుట్ట కూడా ఉండదు.

సెకనుకు పది అక్షరాలు

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టినప్పుడు వాళ్ల ముందు ఇప్పటిలాంటి తెర లేదు. టెలిటైప్ మోడల్ 33 అనే యంత్రం ఉండేది. అది సెకనుకు పది అక్షరాల చొప్పున కాగితం మీద కొట్టుకుంటూ పోయేది. మీటలు బరువు. అలాంటి యంత్రం ముందు కూర్చున్నవాళ్లు ‘లిస్ట్’ను ‘ఎల్ఎస్’ చేశారు, ‘కాపీ’ని ‘సీపీ’ చేశారు, ‘మూవ్’ను ‘ఎంవీ’ చేశారు. కొత్త ఫైలును పుట్టించే సిస్టమ్ కాల్‌కు ‘క్రియేట్’ అని పేరు పెట్టి, స్పెల్లింగ్‌లో చివరి ‘ఇ’ని కూడా మిగల్చలేదు. యూనిక్స్‌ను మళ్లీ కట్టాల్సి వస్తే ఏం మారుస్తారని అడిగితే ఆ ‘ఇ’ని చేరుస్తానని థాంప్సన్ జవాబిచ్చినట్టు కెర్నిగన్, పైక్ తమ పుస్తకంలో రాశారు.

ఆప్షన్లూ అదే దారిన నడిచాయి. 1971 నవంబరు 3 తేదీతో వెలువడిన తొలి యూనిక్స్ మాన్యువల్‌లో ‘ఎల్ఎస్’కు ఉన్న ఆప్షన్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అప్పటికి ఆప్షన్‌కో అక్షరం చొప్పున సరిపోయింది. ఇవాళ గ్నూ ప్రాజెక్టు ‘ఎల్ఎస్’ను చూడండి. ఇంగ్లిష్ స్మాల్ లెటర్లు 26లో ఇ, జె, వై, జెడ్ తప్ప అన్నీ ఖర్చయిపోయాయి. క్యాపిటల్ లెటర్లలోనూ సగానికి పైగా పోయాయి. అవీ చాలక ‘1’ అనే అంకెను కూడా ఆప్షన్ చేశారు. ‘-ఎల్’ అంటే వివరంగా చూపించమని, ‘-1’ అంటే వరుసకో పేరు చొప్పున చూపించమని. అచ్చులో స్మాల్ ఎల్‌కూ ఒకటి అంకెకూ తేడా పట్టాలంటే కళ్లజోడు సవరించుకోవాల్సిందే.

‘డీడీ’ అనే టూల్ గీతల జోలికే పోలేదు. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల జాబ్ కంట్రోల్ లాంగ్వేజ్‌ను అనుసరించి ‘ఐఎఫ్=’ అంటే ఎక్కడి నుంచి చదవాలో, ‘ఓఎఫ్=’ అంటే ఎక్కడికి రాయాలో చెప్పే పద్ధతి పెట్టారు. కీబోర్డు మీద ఐ, ఓ పక్కపక్క మీటలు. ఆ రెండూ తారుమారైతే కాపీ తీసి దాచుకోవాల్సిన డిస్కు మీదే ఖాళీ డిస్కు రాసుకుపోతుంది. టూల్ ఒక్క ప్రశ్న కూడా వేయదు.

ఆ పొట్టి పేర్లు పెట్టినవాళ్లను నేను తప్పుపట్టను. ఆ యంత్రానికీ, ఆ గదిలోని కొద్దిమందికీ అవి సరిపోయాయి. యంత్రం మ్యూజియంకు పోయింది, పేర్లు మన దగ్గర ఉండిపోయాయి. ఇప్పుడు నాలుగక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది షెల్లే పూర్తి చేస్తుంది. టైపు చేసే శ్రమ అనే కారణం తీరిపోయాక కూడా కొత్త టూల్స్‌కు ఒంటి అక్షరాలు ఏరుకోవడం అలవాటే తప్ప అవసరం కాదు.

ఒక్క అక్షరానికి ఎన్ని అర్థాలు

‘-వి’ని తీసుకోండి. ‘సీపీ’లో అది చేస్తున్న పనిని చెప్పుకుంటూ చేయమనే ఆప్షన్. ‘గ్రెప్’లో వెతికిన మాట ఉన్న వరుసలు వదిలేసి, లేని వరుసలు చూపించమని. ‘ఎల్ఎస్’లో వెర్షన్ నంబర్ల వరుసలో పేర్చమని. డాకర్‌లో ‘డాకర్ -వి’ అంటే వెర్షన్ ఎంతో చెప్పమని. అదే ‘డాకర్ రన్ -వి’ అంటే వాల్యూమ్ తగిలించమని. ఒకే టూల్‌లో ఒకే అక్షరం ఒక మాట అటు జరిగితే అర్థం మార్చేసింది.

ఈ అక్షరం ఎంత దూరం తీసుకుపోగలదో ‘పీకిల్’ కథ చూస్తే తెలుస్తుంది. నడుస్తున్న ప్రాసెస్‌లను పేరుతో వెతికేది ‘పీగ్రెప్’. పేరుతో వెతికి చంపేది ‘పీకిల్’. రెండూ అన్నదమ్ములు, ఆప్షన్లు దాదాపు ఒకటే. ‘పీగ్రెప్’లో ‘-వి’ అంటే ఈ పేరు లేనివాటిని చూపించమని. అందులో హాని లేదు. మరి ‘పీకిల్ -వి’ అని కొట్టి, వివరంగా చెప్పుకుంటూ చంపుతుందని అనుకుంటే? ఆ పేరున్న ఒక్కటి తప్ప, మీ అధికారం చెల్లే మిగతా ప్రాసెస్‌లన్నీ చస్తాయి. అందుకే లినక్స్‌లో దీన్ని నిర్వహించేవాళ్లు ‘పీకిల్’కు ఆ ఒంటి అక్షరాన్ని తీసేశారు. కావాలంటే ‘--ఇన్వర్స్’ అని పూర్తిగా రాయాలి. పొరపాటున వాడకుండా ఉండటానికే అలా చేశామని మాన్యువల్లోనే చెప్పుకున్నారు. నా ఉపన్యాసం అంతా క్లుప్తంగా ఆ ఒక్క మార్పులో ఉంది.

‘-పి’ది ఇంకో తగాదా. ‘ఎస్ఎస్‌హెచ్’లో పోర్టు నంబరుకు స్మాల్ పి. దాని తోడబుట్టిన ‘ఎస్‌సీపీ’లో క్యాపిటల్ పి. కారణం ‘ఎస్‌సీపీ’ మాన్యువల్లోనే ఉంది: ఫైలు సమయాలు, అనుమతులు యథాతథంగా ఉంచే పనికి స్మాల్ పి అప్పటికే కేటాయించేశారు. మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌లో స్మాల్ పి అంటే పాస్‌వర్డ్, క్యాపిటల్ పి అంటే పోర్టు. అక్కడ స్మాల్ పి తర్వాత ఖాళీ వదలకుండా పాస్‌వర్డ్ రాయాలి. ఖాళీ వదిలితే ఆ మాటను డేటాబేస్ పేరు అనుకుంటుంది. అసలు పాస్‌వర్డ్‌ను కమాండ్‌లైన్లో రాయడమే తప్పు. అదే మెషీన్ మీదున్న ఇంకొకరు ప్రాసెస్‌ల జాబితా తీస్తే కనిపించే ప్రమాదం ఉంది. డాకర్ లాగిన్‌లో ‘--పాస్‌వర్డ్-ఎస్‌టీడీఇన్’ అనే ఆప్షన్ పెట్టింది అందుకే. అక్కడ పేరే సరైన పద్ధతిని నేర్పుతోంది.

‘-ఆర్’ సంగతి: ‘ఆర్ఎం’లో అది లోపలి ఫోల్డర్లతో సహా అని. ‘ఎల్ఎస్’లో వెనక నుంచి ముందుకు అని. ‘సీహెచ్‌మోడ్’లో లోపలి ఫోల్డర్లతో సహా అనడానికి క్యాపిటల్ ఆర్ వాడాలి. అలవాటు కొద్దీ స్మాల్ ఆర్ కొడితే, ఫైలు చదివే అనుమతిని తీసేయమని అర్థం చేసుకుంటుంది. ‘-ఎన్’ అయితే గిట్ అనే ఒక్క ఇంట్లోనే పోట్లాడుకుంటుంది. ‘గిట్ పుష్ -ఎన్’ అంటే నిజంగా పంపకుండా ఏం పంపబోతుందో చూపించమని. ‘గిట్ కమిట్ -ఎన్’ అంటే తనిఖీలు దాటేసి కమిట్ చేసేయమని. ఒకటి జాగ్రత్త కోసం, రెండోది జాగ్రత్తను పక్కనపెట్టడం కోసం. ముందుదాని మీద నమ్మకంతో రెండోదాన్ని కొట్టేవాడి పరిస్థితి ఆలోచించండి.

ఈ ఒంటి అక్షరాలు ఎంత బలహీనమో చూడాలంటే ఒక పరీక్ష ఉంది. కమాండ్‌ను ఫోన్‌లో అవతలివాడికి చెప్పి చూడండి. “డ్యాష్ పి... కాదు కాదు, క్యాపిటల్ పి... బి కాదయ్యా, పాకిస్తాన్ పి” అంటూ మొదలవుతుంది. అదే “డ్యాష్ డ్యాష్ పోర్ట్” అంటే మారుమాట ఉండదు. నోటితో చెప్పలేని పేరు, కంటికి కనిపించినా బుర్రకు ఎక్కదు.

రెండు గీతల పద్ధతి

ఈ గందరగోళానికి ఒక దారి పెట్టే ప్రయత్నాలు జరగకపోలేదు. ఏటీ అండ్ టీలో ‘గెటాప్ట్’ అనే చిన్న ఫంక్షన్ రాశారు. ఆప్షన్లను ప్రతి టూల్ తన ఇష్టం వచ్చినట్టు విడదీయకుండా, అన్నీ ఒకే తీరుగా విడదీసే సాధనం అది. 1985లో దాని కోడ్‌ను అందరూ వాడుకునేలా విడుదల చేశారు. తర్వాత పోసిక్స్ ప్రమాణం ఆప్షన్ల వ్యాకరణానికి సూత్రాలు రాసింది, ఇప్పుడవి 14. ఆప్షన్ ఒక్క అక్షరమో అంకెయో అయి ఉండాలన్నది వాటిలో ఒకటి. ఉత్త రెండు గీతలు వస్తే ఆప్షన్లు అక్కడితో అయిపోయినట్టు, ఆ పైనవన్నీ ఫైలు పేర్లే అన్నది ఇంకొకటి. గీతతో మొదలయ్యే పేరున్న ఫైలును చెరపాల్సి వచ్చినవాడికి ఈ రెండోదాని విలువ తెలుస్తుంది.

పోసిక్స్ పద్ధతికి వ్యాకరణం కుదిరింది గానీ అర్థం కుదరలేదు. అర్థం తెచ్చింది గ్నూ ప్రాజెక్టు. ఒంటి అక్షరానికి తోడుగా రెండు గీతలతో మొదలయ్యే పూర్తి మాట ఉండాలని, ‘--హెల్ప్’, ‘--వెర్షన్’ అన్ని ప్రోగ్రాముల్లోనూ ఉండాలని వాళ్ల కోడింగ్ స్టాండర్డ్స్ చెబుతాయి. ఒకే పనికి ఒక టూల్లో ‘--వెర్బోస్’ అని, ఇంకో టూల్లో ఇంకో మాట అని ఉండకుండా, పేర్ల పట్టిక చూసి ఉన్న మాటనే వాడమంటాయి.

అలాగైతే ఒంటి అక్షరాలను ఎత్తేయాలా? అక్కర్లేదు. హైదరాబాద్ సిటీ బస్సు బోర్డు చూడండి. రోజూ ఎక్కేవాళ్లకు నంబరు చాలు, కొత్తగా దిగినవాళ్లకు ఊరి పేరు కావాలి, అందుకే రెండూ రాస్తారు. రోజుకు ఇరవైసార్లు తెర ముందు కొట్టే కమాండ్‌కు ‘-ఎల్’ హాయి. ఫైల్లో రాసి దాచే స్క్రిప్ట్‌కు, డాక్యుమెంటేషన్‌కు, సహోద్యోగికి పంపే సందేశానికి పొడుగు పేరే తగినది. రచయితగా మీ బాధ్యత: ప్రతి ఆప్షన్‌కూ పొడుగు పేరు తప్పనిసరి, పొట్టిది నిజంగా తరచూ వాడే కొన్నిటికే. ఒంటి అక్షరాలు తక్కువ ఉన్న ఆస్తి, పుణ్యానికి పంచకూడదు. కర్ల్ టూల్ 1998లో 24 ఆప్షన్లతో మొదలై ఇప్పుడు 250 దాటింది. మీ టూల్ కూడా బతికితే పెరుగుతుంది.

పొడుగు పేర్లలోనూ ఒక మెలిక ఉంది. గ్నూ పద్ధతిలో పేరు మొత్తం రాయకుండా, ఇంకోదానితో కలవనంత వరకు రాసినా చాలు. ‘సీపీ’కి ‘--ఫోర్’ అంటే ‘--ఫోర్స్’ అని అర్థం చేసుకుంటుంది. ‘--వెర్’ అంటే మాత్రం వెర్బోసా, వెర్షనా అని తిరగబడుతుంది. ఇవాళ పనిచేసే కుదింపు, రేపు అదే మొదటి అక్షరాలతో కొత్త ఆప్షన్ వస్తే పనిచేయదు. కాబట్టి కుదింపు తెర ముందు మాత్రమే, స్క్రిప్ట్‌లో వద్దు. కొత్త పేరు చేర్చేవాడు కూడా పాత పేర్ల మొదటి నాలుగక్షరాలు ఒకసారి చూసుకోవాలి.

ప్రమాదాన్ని పేరులోనే చెప్పడం

ఇక నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన భాగానికి వస్తాను. ఆప్షన్లలో అతిగా వాడి అరగదీసిన మాట ‘ఫోర్స్’. ‘ఆర్ఎం’లో దానికి అడగకుండా చెరపమని అర్థం. ‘సీపీ’లో, గమ్యం ఫైలు తెరవలేకపోతే దాన్ని తీసేసి మళ్లీ ప్రయత్నించమని. ‘గిట్ పుష్’లో, అవతలి రిపాజిటరీలో ఉన్న చరిత్ర మీద నా చరిత్ర రుద్దమని. ఏదో అడ్డు ఉంది, దాన్ని తోసేయమంటున్నాం అన్నది మాత్రమే ఈ మాట చెబుతుంది. ఏ అడ్డు, తోస్తే ఏం పోతుంది అన్నది చెప్పదు.

డెబియన్ ప్యాకేజీ టూల్ ‘ఆప్ట్’ ఈ విషయంలో మంచి పాఠం. దానిలో ‘--ఫోర్స్-ఎస్’ అని ఒక ఆప్షన్ ఉండేది. పాత వెర్షన్‌కు దిగజారడం, సిస్టమ్‌కు ప్రాణాధారమైన ప్యాకేజీ తీసేయడం, కదపొద్దని పక్కన పెట్టిన ప్యాకేజీని కదపడం, సంతకం సరిచూడని ప్యాకేజీ ఎక్కించడం, ఇన్నిటికీ అదొక్కటే అవునని తలూపేది. అందులో ఒక్కటి కావాల్సినవాడు నాలుగింటికీ ఒప్పుకున్నట్టయ్యేది. 2015లో వచ్చిన 1.1 వెర్షన్ దాన్ని పక్కనపెట్టి, ‘--అలౌ-డౌన్‌గ్రేడ్స్’, ‘--అలౌ-రిమూవ్-ఎసెన్షియల్’, ‘--అలౌ-చేంజ్-హెల్డ్-ప్యాకేజెస్’, ‘--అలౌ-అన్‌ఆథెంటికేటెడ్’ అని వేటికవి అనుమతి అడిగే దారి చూపించింది. ఇప్పుడు స్క్రిప్ట్ చదివినవాడికి దాన్ని రాసినవాడు దేనికి తెగించాడో కనిపిస్తుంది. దేనికి తెగించలేదో కూడా కనిపిస్తుంది. రెండోది ఇంకా విలువైనది.

కర్ల్‌లో సర్టిఫికెట్ సరిచూడకుండా ముందుకెళ్లే ఆప్షన్ ‘--ఇన్‌సెక్యూర్’. కోడ్ రివ్యూలో ఆ మాట కనిపిస్తే ఎవరైనా ఆగి ఎందుకని అడుగుతారు. దానికే ‘-కె’ అనే పొట్టి పేరు కూడా ఉంది. ఆ ‘-కె’ మాత్రం నలుగురి కళ్ల ముందు నుంచి దర్జాగా నడిచిపోతుంది. ప్రమాదకరమైన ఆప్షన్‌కు పొట్టి పేరు ఇవ్వకూడదని నేననేది ఇందుకే. ‘ఆర్ఎం’ విషయంలో గ్నూ వాళ్లు ఈ జాగ్రత్తను చివరిదాకా తీసుకెళ్లారు. మొత్తం సిస్టమ్‌కు మూలమైన రూట్ డైరెక్టరీని చెరపబోతే అది ఒప్పుకోదు. ఒప్పించాలంటే ‘--నో-ప్రిజర్వ్-రూట్’ అని రాయాలి. దీనికి ఒంటి అక్షరం లేదు. మిగతా పొడుగు పేర్లను కుదించినట్టు దీన్ని కుదించడానికి కూడా వీల్లేదు. కుదిస్తే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆ పేరును ఎవరూ పొరపాటున రాయలేరు.

అయితే పొడుగు ఉన్నంత మాత్రాన స్పష్టత రాదు. సెఫ్ అనే స్టోరేజీ వ్యవస్థలో ఒక పూల్‌ను పూర్తిగా తొలగించడానికి ‘--యస్-ఐ-రియల్లీ-రియల్లీ-మీన్-ఇట్’ అనాలి. చదివితే నవ్వొస్తుంది, ఒక క్షణం ఆగుతాం, అంతవరకు మంచిదే. కానీ అది చెప్పేది వాడేవాడి పట్టుదల గురించి. పోయేదేమిటో అందులో లేదు. దాని పక్కన పిప్ 2023లో తెచ్చిన ‘--బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్’ పెట్టి చూడండి. ఆపరేటింగ్ సిస్టమ్ నిర్వహించే పైథాన్ ప్యాకేజీలు పాడయ్యే అవకాశం ఉందని పేరే చెప్పేస్తోంది. ఒట్టు పెట్టించుకునే పేరు కంటే నష్టాన్ని చెప్పే పేరు మేలు.

వెక్కిరించే పేర్లు మరీ పనికిరావు. ఏ వరుసలో చెప్పకుండా టేబుల్ మొత్తాన్ని మార్చబోయినా, చెరపబోయినా మైఎస్‌క్యూఎల్ క్లయింట్ అడ్డుకునే ఆప్షన్ ఒకటుంది. దాని అసలు పేరు ‘--సేఫ్-అప్‌డేట్స్’, సరదా పేరు ‘--ఐ-యామ్-ఎ-డమ్మీ’. నేను తెలివితక్కువవాణ్ని అని టైపు చేస్తే తప్ప రక్షణ దొరకదంటే, ఆ రక్షణ అందరికంటే ఎక్కువ కావాల్సిన కొత్త ఉద్యోగి టీమ్ లీడ్ ముందు దాన్ని వాడడు.

గిట్‌లో 2013 చివర్లో వచ్చిన ‘--ఫోర్స్-విత్-లీజ్’ చాలా మంచి ఆప్షన్. అవతల మీరు చివరిసారి చూసినదే ఉంటేనే దాని మీద రాస్తుంది. మధ్యలో ఇంకొకరు ఏదైనా పంపి ఉంటే ఆగిపోతుంది. కానీ ‘లీజ్’ అన్నది లోపలి పద్ధతిని గుర్తుచేసే మాట. వాడేవాడికి కలిగే ఫలితం అందులో లేదు. అందుకే దీని కంటే తక్కువ మంచిదైన ఉత్త ‘--ఫోర్స్’ ఇంకా రాజ్యమేలుతోంది. ఎలా చేస్తుందో చెప్పే పేరు రచయితకు ముద్దు. ఏం జరుగుతుందో చెప్పే పేరు వాడుకరికి కావాలి.

పేరు ఒకటి, పని ఒకటి

అస్పష్టమైన పేరు కంటే చెడ్డది అబద్ధమాడే పేరు. జీసీసీ కంపైలర్‌లో ‘-వాల్’ అనే ఆప్షన్ విద్యార్థులందరికీ తెలుసు. హెచ్చరికలన్నీ చూపించు అని దాని పేరు. చూపించేది అన్నీ కాదు. మిగిలినవాటిలో కొన్నిటికి ‘-డబ్ల్యుఎక్స్‌ట్రా’ వేరే ఇవ్వాలి, ఆ తర్వాత కూడా కొన్ని మిగులుతాయి. క్లాంగ్ కంపైలర్ వాళ్లు నిజంగా అన్నీ కావాలనుకునేవారికి ‘-డబ్ల్యుఎవ్రీథింగ్’ అని ఇంకో పేరు పెట్టుకోవాల్సి వచ్చింది. పాత ‘-వాల్’ను సరిచేసి మిగతా హెచ్చరికలన్నీ అందులో కలిపేయలేరా? హెచ్చరిక వస్తే బిల్డ్ ఆగిపోవాలని పెట్టుకున్న ప్రాజెక్టులు లెక్కలేనన్ని. అన్నీ ఒక్కరోజున ఆగిపోతాయి. ‘అన్నీ’, ‘పూర్తి’, ‘కొత్త’, ‘ఫాస్ట్’ లాంటి మాటలు పేరులో పెట్టే ముందు పదేళ్ల తర్వాత కూడా అది నిజమవుతుందా అని ఆలోచించండి.

విలువలకూ ఇదే వర్తిస్తుంది. లినక్స్‌లో ‘పింగ్’కు క్యాపిటల్ డబ్ల్యు ఇచ్చి అంకె రాస్తే, జవాబు కోసం అన్ని సెకన్లు ఆగుతుంది. మ్యాక్‌లో అదే టూల్, అదే అక్షరం, అంకె మాత్రం మిల్లీసెకన్లు. మ్యాక్ మీద రాసిన స్క్రిప్ట్‌లోని 1000ని లినక్స్ సర్వర్ మీద పెడితే, ఒక సెకను అనుకున్నది పదహారు నిమిషాలు దాటుతుంది. ‘--టైమౌట్-సెకండ్స్’ అని పేరు పెట్టినా, ‘5ఎస్’ అని యూనిట్‌తో సహా రాయించుకున్నా ఈ గొడవ ఉండదు.

మన పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి అక్షరాలుగా మార్చేవాళ్లకు టెసరాక్ట్ పరిచయమే. భాష తెలుగని చెప్పడానికి ‘-ఎల్ టెల్’ అని ఇస్తాం. అది త్వరగానే గుర్తుండిపోతుంది. పేజీ అమరికను చెప్పే ‘--పీఎస్ఎం’ మాత్రం 0 నుంచి 13 దాకా అంకెలు అడుగుతుంది. 6 అంటే పేజీ అంతా ఒకే ముద్దగా ఉన్న పాఠ్యం, 4 అంటే ఒకే నిలువు వరుస, 7 అంటే ఒక్క పంక్తి. పత్రికలా రెండు కాలమ్‌లున్న పేజీకి 6 ఇస్తే ఎడమ కాలమ్ వాక్యంలో సగం, కుడి కాలమ్ వాక్యంలో సగం కలిసిపోయి వస్తాయి. తప్పు ఎక్కడుందో స్క్రిప్ట్ చదివి చెప్పడం కష్టం, ఎందుకంటే అక్కడ ఉన్నది ఉత్త 6. అదే చోట ‘సింగిల్-బ్లాక్’ అనే మాట ఉంటే, రెండు కాలమ్‌ల పేజీకి ఇదేమిటని చూసినవాడే పట్టుకుంటాడు.

ఒక టూల్‌కు పేర్లు పెట్టి చూద్దాం

ఇంతసేపు ఇతరుల పేర్లు తూచాను. ఇప్పుడు మనమే పెడదాం. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అను ఫాంట్లలో టైపు చేసిన పుస్తకాలున్నాయి. వాటిని యూనికోడ్‌కు మార్చే చిన్న టూల్ రాస్తున్నామనుకోండి. ఏ ఫాంట్ నుంచి మార్చాలో చెప్పడానికి మొదట తోచే పేరు ‘--ఎన్‌కోడింగ్’. వచ్చే పాఠ్యానిదా, వెళ్లే పాఠ్యానిదా? తెలియదు. ‘--ఫ్రమ్’, ‘--టు’ అని రెండు పెడితే ఆ సందేహం పుట్టదు. పాత ‘ఐకాన్వ్’ టూల్ కూడా ‘--ఫ్రమ్-కోడ్’, ‘--టు-కోడ్’ అనే వాడుతుంది. ఉన్న మంచి అలవాటుకు దగ్గరగా ఉండటం కూడా స్పష్టతే.

మార్చలేని గుర్తు ఎదురైతే? ‘ఐకాన్వ్’లో దీనికి ‘-సి’ ఉంది: మార్చలేని అక్షరాలను వదిలేసి ముందుకెళ్లు. తెలుగు పాఠ్యాన్ని తెలుగు అక్షరాలే లేని లాటిన్ ఎన్‌కోడింగ్‌కు మార్చమని ఈ ‘-సి’ ఇస్తే ఖాళీలు, అంకెలు, విరామ చిహ్నాలు మిగిలి పుస్తకమంతా మాయమవుతుంది. ఆప్షన్ పేరు చూస్తే ఒక్క అక్షరం. మన టూల్‌కు ‘--స్కిప్-ఎర్రర్స్’ అని పెడదామా? వినడానికి బాగుంటుంది, కానీ పోయేది ఎర్రర్ కాదు, రచయిత రాసిన అక్షరం. ‘--ఆన్-అన్‌నోన్’ అని పెట్టి దానికి ‘స్టాప్’, ‘కీప్’, ‘డ్రాప్’ అనే మూడు విలువలిద్దాం. ఏమీ చెప్పకపోతే ‘స్టాప్’. పాఠ్యం పోగొట్టుకోవాలనుకున్నవాడు ‘డ్రాప్’ అని తన చేత్తో రాయాలి.

అదే పేరుతో ఫైలు ముందే ఉంటే? ‘--ఫోర్స్’ వద్దని ఇందాకే అనుకున్నాం. ‘--ఓవర్‌రైట్’ అంటే చాలు. ఏమీ రాయకుండా ఏం జరగబోతుందో చూపించడానికి? ‘మేక్’ టూల్ ఒక్క ‘-ఎన్’కే ‘--జస్ట్-ప్రింట్’, ‘--డ్రై-రన్’, ‘--రీకాన్’ అని మూడు పొడుగు పేర్లు ఇచ్చింది. లోకం వాటిలో ‘--డ్రై-రన్’ను ఎంచుకుంది. మనమూ అదే పెడదాం. కొత్తదనం చూపించుకోవాల్సిన చోటు ఇది కాదు.

ఆప్షన్లు తెలుగులోనే ఎందుకు ఉండకూడదని విద్యార్థులు అడుగుతుంటారు. ఒకచోట రాసిన స్క్రిప్ట్ ఇంకోచోట నడవాలి కాబట్టి, గ్నూ గెట్‌టెక్స్ట్ వంటి పద్ధతుల్లో సందేశాలను, సహాయ పాఠాన్ని అనువదిస్తారు, ఆప్షన్ పేర్లను కదపరు. అందువల్ల మన బాధ్యత రెండింతలు. సహాయ పాఠాన్ని తెలుగులో రాద్దాం. పేరుకు ఎంచుకునే ఇంగ్లిష్ మాట తెలుగు మీడియంలో చదివిన పిల్లకు కూడా తెలిసినదై ఉండేలా చూద్దాం. ‘స్టాప్’, ‘కీప్’, ‘డ్రాప్’ అందుకే.

పేరు మార్చాల్సి వస్తే

స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో ‘మేక్’ రాసినప్పుడు వరుస మొదట ట్యాబ్ తప్పనిసరి చేశారు. అది ఇబ్బందని త్వరలోనే తెలిసింది. అప్పటికే డజను మంది దాకా వాడుతున్నారు, ఎక్కువమంది స్నేహితులు; వాళ్లను ఇబ్బంది పెట్టడం ఎందుకని వదిలేశారట. ఆ డజను మందికి మిగిల్చిన ఇబ్బంది తర్వాత లోకమంతా పంచుకుంది. పేర్ల విషయమూ అంతే. బయటికి వదిలిన పేరు మనం ఎన్నడూ చూడని స్క్రిప్టుల్లోకి వెళ్లిపోతుంది.

మార్చక తప్పనప్పుడు ఎలా మార్చాలో కుబర్నెటీస్ చూపించింది. ఒక నోడ్‌ను ఖాళీ చేసే ‘డ్రెయిన్’ కమాండ్‌లో ‘--డిలీట్-లోకల్-డేటా’ అనే ఆప్షన్ ఉండేది. మెషీన్ మీదున్న డేటా అంతా పోతుందేమోనని భయపెట్టే పేరు. నిజానికి పోయేది ‘ఎంప్టీడైర్’ అనే తాత్కాలిక వాల్యూమ్‌లలోనిది. 2020 చివర్లో వచ్చిన 1.20 వెర్షన్‌లో దానికి ‘--డిలీట్-ఎంప్టీడైర్-డేటా’ అని సరైన పేరు పెట్టారు. పాత పేరును వెంటనే చంపలేదు; అది పనిచేస్తూనే కొత్త పేరు వాడమని హెచ్చరించేది. గిట్‌లోనూ బ్రాంచి మార్చడం, ఫైలును పాత స్థితికి తేవడం అనే రెండు వేర్వేరు పనులు చేసే ‘చెకౌట్’ను 2019లో ‘స్విచ్’, ‘రిస్టోర్’ అని విడదీశారు. పాత ‘చెకౌట్’ ఇంకా ఉంది. ఉండాలి కూడా.

అధ్యాపక మిత్రులకు నా విన్నపం. ప్రాజెక్టు మార్కులు వేసేటప్పుడు కోడ్ కంటే ముందు ‘--హెల్ప్’ కొట్టి చూడండి. కోడ్ రాయకముందే ఆ సహాయ పాఠం రాయించండి. ఒక వాక్యంలో వివరించలేని ఆప్షన్‌కు సాధారణంగా పేరు కాదు, పనే సరిగా తేలి ఉండదు. ఉద్యోగాల్లో ఉన్న మిత్రులు రివ్యూకి కొత్త ఆప్షన్ వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. దీన్ని ఫోన్‌లో చెప్పగలమా? ఏం పోతుందో పేరులో ఉందా? మన టూల్‌లో ఇదే మాట ఇంకోచోట ఇంకో అర్థంలో ఉందా? ఈ ప్రశ్నలకు పట్టేది అయిదు నిమిషాలు. పేరు మార్చడానికి అంతకంటే చవకైన రోజు ఉండదు. ఆ పేరు విడుదలయ్యాక దాని ఖరీదు కట్టేది మీరు కాదు, మీకు ముక్కూమొహం తెలియని వాళ్లు.